పొద్దుపొడుపు రేడియో ఎందుకు మూతపడింది

చర్చి విడిచాక మేనకోడలు ఇంటికొస్తే ఏ మేనత్తకైనా సంతోషంగానే ఉంటుంది. రాహేలమ్మకు మాత్రం ఆ ఆదివారం మేనకోడలు ఆరాధనను గడపలో చూడగానే తలుపేసుకుందామా అనిపించింది. వారం నుంచి ఫోన్లో ఆ పిల్లది ఒకటే నస. కడపలో ఎమ్మే చదువుతోంది. చదువుకునేది చదువుకోక, ఒకప్పుడు మేనత్త పనిచేసిన రేడియో గురించి వికీపీడియాలో ఒక పేజీ రాసిపెట్టింది. ఎవరు రాయమన్నారు తల్లీ! పైగా ప్రేమకొద్దీ రాసింది, అదీ ఇబ్బంది. ప్రేమగా చేసినదాన్ని తీసెయ్యమని చెప్పడానికి నోరెలా వస్తుంది?

"అత్తా, పేజీ తీసేస్తామంటాండారు," అంది ఆరాధన, చెప్పులైనా విడవకుండా. "ఏడాది గూడా నడవని రేడియోకు విజ్ఞాన సర్వస్వంలో చోటేంటికి అని చర్చ పెట్టినారు. పేపర్లో ఎప్పుడన్నా దాన్ని గురించి పడిందా, పడుంటే చూపించమంటాండారు."

"మన రేడియోను గురించి ఏ పేపరోడు రాస్తాడు లేమ్మా," అంది రాహేలమ్మ. చర్చి నుంచి వచ్చి ఇంకా చీరైనా మార్చుకోలేదు, అప్పుడే అబద్ధం.

"పోనీ, ఎందుకు మూసినారో అన్నా చెప్పు. ఆ ముక్క ఖాళీగా ఉండాది."

"అదంతా నాకు తెల్దు."

తెలియకపోవడమా! పన్నెండేళ్లుగా ఆమెకు పడుకున్నా లేచినా తెలిసింది అదొక్కటే.

మైదుకూరు చుట్టుపక్కల పసుపు తవ్వకాలకూ శెనక్కాయ పీకడానికీ కూలికి పోయే మనిషి రాహేలమ్మ. పదో తరగతి చదివింది. చర్చిలో ఆమె వాక్యం చదువుతుంటే వెనక వరసలో కునికేవాళ్లు కూడా సర్దుకుని కూర్చునేవాళ్లు. ఆ గొంతు విని, పొద్దుపొడుపు రేడియో పెట్టిన సేవాసంస్థ మేనేజరు జయకుమార్ ఆమెను పిలిచి మైకు ముందు కూర్చోబెట్టాడు. చుట్టూ పది పల్లెలకు వినపడే చిన్న స్టేషను. వానల సంగతి, పురుగుమందుల సంగతి, పిల్లల పాటలు, అన్నీ ఉండేవి. కానీ జనం చెవులు రిక్కించి వినేది సాయంత్రం కబుర్ల చివర వచ్చే చావుల వార్త. ఎవరింట్లో ఎవరు పోయారు, ఎప్పుడు ఎత్తుతారు, ఇవే కావాలి జనానికి. చావు కబురు చల్లగా చెప్పడమంటారే, రాహేలమ్మకు అది చేతకాదు. ఆమె చెబితే ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా కళ్లు తుడుచుకునేవాళ్లు.

ఒకనాడు స్టేషనుకు పోతుంటే ఎదురుగా ఆటోలో సమాధి రాయి ఒకటి వచ్చింది. నున్నటి కడప బండ. 'బొజ్జన్న, ప్రభువునందు నిద్రించెను' అని చెక్కి ఉంది. వాళ్ల ఊరి బొజ్జన్న అంతకుముందు వారమే కర్నూలు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. ఇంకేముంది! దారంతా ఏడుస్తూ పోయి, సాయంత్రానికల్లా ఆయన్ను రేడియోలో సాగనంపేసింది. మంచివాడని చెప్పింది, కష్టజీవని చెప్పింది, రేపు పొద్దున్నే భూస్థాపన అని కూడా చెప్పింది. పొద్దున్నే అని ఆమెకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. ఆ మాత్రం ఊహించుకోలేదా మనిషి!

బొజ్జన్న నిక్షేపంలా ఉన్నాడు. కొడుకుల మీద నమ్మకం లేక తన సమాధి తానే కట్టించుకుంటున్నాడు, అంతే. మన వైపు అలా కట్టించుకునే పెద్దవాళ్లు ఉన్నారు. రాయి మీద అన్నీ చెక్కించి, పోయిన తేదీ ఒక్కటి ఖాళీగా వదిలేస్తారు. తేదీ ఉందో లేదో చూసే ఓపిక రాహేలమ్మకు లేకపోయింది. తెల్లారేసరికి బద్వేలు నుంచి కూడా చుట్టాలు పూలదండలతో, శోకాలతో దిగారు. గొడ్లకు మేత వేస్తున్న బొజ్జన్న ఎదురొచ్చి, "ఏమప్పా, అందరూ ఒక్కసారే వచ్చినారే!" అన్నాడట. అందరికీ టీలు పోయించి, దండలన్నీ తనే మెడలో వేసుకుని ఫోటో దిగాడు. ఆ ఫోటో పేపర్లో పడింది. పైన పెద్ద అక్షరాలతో 'బతికున్న మనిషికి రేడియో నివాళి' అని.

కుండ మూతికి మూకుడు పెట్టొచ్చు గానీ ఊరి మూతికి ఏం పెడతాం? పల్లెపల్లెనా నవ్వుకున్నారు. నెల తిరక్కుండానే స్టేషనుకు తాళం పడింది. రాహేలమ్మకు తలకొట్టేసినట్టయింది. ఆఖరి మీటింగుకు పోవడానికి మొహం చెల్లక ఇంట్లోనే ఉండిపోయింది. తనతోపాటు అక్కడ పనిచేసిన ఆడపిల్లలు దారిలో కనిపిస్తే పక్క సందులోకి తిరిగేది. వాళ్ల నోటికాడి కూడు తీసింది తానే కదా! ఇప్పుడు ఇదంతా ఆ పేజీలోకి ఎక్కితే, రేడియోను చంపిన మనిషిగా లోకం ఉన్నన్నాళ్లూ తన పేరు ఉండిపోతుంది. అందుకే ఆమె ఎవరికీ తెలియకుండా ఒక ప్రార్థన చేస్తోంది. ప్రభువా, ఆ పేజీ తీసేసేవాళ్ల చేతులు దీవించు!

ఆరాధన ఊరుకునే రకమా? అన్నం తిని, పెద్దవాళ్లను అడిగొస్తానని వీధిలోకి పోయింది. పొద్దు వాలేలోపు పరిగెత్తుకుంటూ వచ్చింది. బొజ్జన్న ఆ వార్తను పటం కట్టించి గోడకు తగిలించుకున్నాడు మరి.

"అత్తా, దొరికింది! ఇంత వార్త ఉంటే నాకు చెప్పనే లేదే!"

రాహేలమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. ఇంక దాచేదేముంది? "దొరికింది గదా. కారణం గూడా రాసుకో. మీ అత్త నోటిదూలకు రేడియో మూతపడిందని రాయి. అందరి కడుపులూ కొట్టిందని రాయి," అంటూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆరాధన బిత్తరపోయింది. పక్కన కూలబడి మేనత్త చెయ్యి పట్టుకుంది. "నీవల్ల మూసినారని ఎవరు చెప్పినారు?"

"ఒకరు చెప్పాలనా? నాకు తెల్దా?"

"అట్ల కుదర్దు అత్తా. ఆధారం లేకుండా ఆడ ఒక్క ముక్క రాయనీరు. ఎవరు చెప్పినారో పేరు చెప్పు, పోయి అడుగుతా."

రాహేలమ్మ నోరు తెరిచింది. ఒక్క పేరూ రాలేదు. నవ్వినవాళ్లు ఉన్నారు, ఎత్తిపొడిచినవాళ్లు ఉన్నారు. కానీ రేడియో నీవల్లే పోయిందని అన్నదెవరు? ఎంత వెతుక్కున్నా ఆమెకు తన గొంతే వినిపించింది.

ఆరాధన అక్కడే కూర్చుని జయకుమార్ నంబరు పట్టి, ఫోను స్పీకర్లో పెట్టింది. ఆయన నంద్యాలలో ఉంటున్నాడు. సంగతంతా విన్నాడు.

"రాహేలమ్మక్కా, ఇన్నేండ్లూ అట్లనుకుంటాండావా?" అన్నాడు. "రేడియోకు డబ్బు సాయం చేసేవాళ్లు ఆపేసినారక్కా. మూసేయమని బొజ్జన్న సంగతికి ముందే చెప్పినారు. మీకు చెప్పడానికి నోరు రాక నేనే నాన్చినా. ఆఖరి మీటింగులో అందరికీ చెప్పినా గదా! నువ్వే రాలేదు. అక్కా, ఆ నెలంతా ఏడుపు మొహంతో ఉండినా. నవ్వినానంటే ఆ పేపరు చూసే నవ్వినా."

రాహేలమ్మ ఏడ్చింది. తర్వాత నవ్వింది. తర్వాత రెండూ కలిసి వచ్చాయి. గుండెల మీది బండ దించినట్టు, హమ్మయ్య, అని ఇల్లంతా వినపడేలా ఊపిరి వదిలింది.

వికీపీడియా వాళ్లు మాత్రం కరగలేదు. వార్త ఒక పొరపాటు గురించే గానీ స్టేషను గురించి కాదన్నారు. మేనేజరు ఫోన్లో చెప్పిన మాట ఆధారం కిందికి రాదన్నారు. వాళ్లకు రాకపోతే పోయింది, రాహేలమ్మకు అదే చాలు. రెండు రోజులకు ఆరాధన ఫోన్ చేసి, "పేజీ తీసేసినారు అత్తా," అంటూ గొంతు బొంగురుపోయేలా ఏడ్చింది.

"పోనీలే తల్లీ, ఏడ్వొద్దు," అంది రాహేలమ్మ. "ఆ రేడియో పోయిందని ఊరందరికీ తెలుసు. చంపింది నేను కాదని నాకు ఇప్పుడు గదా తెలిసింది!"

ఫోన్ పెట్టేసి, పళ్లెంలో రెండు ముద్దల సంగటి పెట్టుకుని ఊరిబిండి పచ్చడి నంజుకుంటూ తిన్నది. మూడోది కూడా తినేదే, చట్టిలో మిగల్లేదు.