పేరు కొట్టించిన గిన్నెలు

కొనబోయే ఇంటి మీద సాబిరాకు ఉన్న షరతు ఒక్కటే: ఎత్తు మీద ఉండాలి. హాలు చిన్నదైనా, వంటగదికి కిటికీ లేకపోయినా, బస్సు దిగి చాలా దూరం నడవాల్సి వచ్చినా సరే. వాన పడితే నీళ్లు ఆ ఇంటి నుంచి బయటికి పోవాలి గాని లోపలికి రాకూడదు.

ఆ షరతు కూతురు సబియా కోసం. పుట్టినప్పటి నుంచీ సబియాకు కాళ్లు నిలవవు. చక్రాల కుర్చీలో కూర్చుని, తల్లి కుట్టిన జాకెట్లకు హుక్కులు వేస్తుంది. ఫోనులో డిగ్రీ పాఠాలు వింటుంది. కనిపించిన ప్రతివాళ్లకూ ఒక పేరు పెడుతుంది. 2023 జూలై వరదలో వాళ్ల అద్దె ఇంట్లోకి మంచం మట్టానికి నీళ్లొచ్చాయి. తండ్రి ఫకీర్ మహమ్మద్ బిడ్డను భుజాన వేసుకుని ప్రహరీ ఎక్కి పక్క బిల్డింగు మీదికి చేర్చాడు. కుర్చీ కొట్టుకుపోయింది, ఇప్పుడున్నది తర్వాత కొన్నది. అతని నడుము ఆ రోజు పట్టేసిందే మళ్లీ సాపు కాలేదు. ఇప్పటికీ ఒక చెయ్యి నడుము మీద పెట్టుకునే బస్తా ఎత్తుతాడు.

వాళ్లది నెక్కొండ. ఫకీర్ మహమ్మద్ పెళ్లయిన కొత్తలోనే వరంగల్ వచ్చి, బీట్‌బజారులో కిషన్ రావు కిరాణా హోల్‌సేల్ దుకాణానికి ట్రాలీ ఆటో నడుపుతున్నాడు. బజారంతా అతన్ని పకీరన్న అంటుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే. హైదరాబాద్ చుట్టాలొచ్చినప్పుడు మాత్రం ఉర్దూను బయటికి తీసి దులుపుతారు. సాబిరా చీర కడుతుంది. మెడలో నల్లపూసలుంటాయి.

మొన్నటి ఎండాకాలంలో అద్దె ఇంటి గోడ మీద మున్సిపాలిటీవాళ్లు ఎర్ర గుర్తు పెట్టి పోయారు. పక్కనున్న మురుగునీటి నాలా వెడల్పు చేస్తారట, ఇల్లు పోతుందట. నెక్కొండలో ఉన్న కాస్త చెలక భూమి అమ్మి ఎక్కడన్నా సొంత గూడు చూసుకోవాలని అప్పుడే అనుకున్నారు. సంగతి విని కిషన్ రావు తనే కబురు చెప్పాడు. గుట్ట వారన కాలనీలో తన పాత ఇల్లొకటి ఉంది, అమ్మేస్తానన్నాడు. అలాంటి కాలనీలు ఊళ్లో చాలా ఉన్నాయి కాబట్టి దాని పేరు ఇక్కడ అవసరం లేదు.

సాబిరా ఆ ఇంటిని మూడుసార్లు చూసింది. వెళ్లిన ప్రతిసారీ చెంబుడు నీళ్లు గేటు ముందు పోసి, అవి ఎటు పోతాయో నిలబడి చూసేది. నీళ్లు వాకిట్లో ఆగకుండా రోడ్డు వాలుకు జారిపోయేవి. పక్కింటి రాజేశ్వరి అది చూసి నవ్వి, లోపలికి పిలిచి చాయ్ పోసింది. ఏ ఊరని అడిగితే నెక్కొండ అంది సాబిరా. తమ ఆడబిడ్డను అక్కడే ఇచ్చామంది రాజేశ్వరి. సాబిరా తొడుక్కున్న జాకెట్టు మెడ చూసి, తనకూ అట్లాంటిది కుట్టమంది. పేరు మాత్రం ఆమె అడగలేదు. దాచాలని సాబిరాకూ లేదు. చెప్పే సందర్భం రాలేదంతే.

బయానా ఇచ్చారు. రిజిస్ట్రేషన్‌కు కాగితాలు ఇంకా కావాల్సి ఉంది. ఈలోగా కిషన్ రావు భార్య సావిత్రి, ఆషాఢం వస్తే మంచిరోజులుండవని, ముందే పాలు పొంగించుకొమ్మని తాళం చెవి ఇచ్చింది. సొంతింట్లోకి పోతే పాలు పొంగించడం నెక్కొండలో సాబిరా అత్తగారు చేసిందే, వాళ్ల అత్తా చేసిందే. గురువారం పొద్దున పాలు పొంగాయి. ఫకీర్ మహమ్మద్ ఫాతిహా చదివాడు. ఆ పాలతో సాబిరా పరమాన్నం వండి, పెళ్లినాటి స్టీలు గిన్నెల్లో పోసి చుట్టుపక్కల నాలుగిళ్లకూ ఇచ్చి వచ్చింది.

మన దగ్గర స్టీలు గిన్నె అంటే దాని మీద పేరు ఉండాల్సిందే. పదిమంది ఇళ్లకు పోయి వచ్చే వస్తువు, తారుమారు కాకూడదని దుకాణంలోనే చుక్కలు చుక్కలుగా కొట్టిస్తాం. సాబిరా గిన్నెల మీద ఆమె తల్లి ఇష్టంగా కొట్టించిన అక్షరాలున్నాయి: సాబిరా – ఫకీర్ మహమ్మద్, నెక్కొండ.

పక్కింటి నుంచి వచ్చిన గిన్నెను వట్టిగా తిరిగి ఇవ్వడం కూడా మన దగ్గర లేదు. చారెడు చక్కెరో, నాలుగు పచ్చిమిరపకాయలో వేసి ఇస్తారు. ఆ సాయంత్రం గిన్నెలు నాలుగూ ఒకే ప్లాస్టిక్ కవర్లో, కాలనీ వాచ్‌మన్ చేత వచ్చాయి. మూడు తోమి బోర్లించినట్టు వట్టివి. నాలుగో దాంట్లో పరమాన్నం పోసింది పోసినట్టే ఉంది. చీమలు పట్టాయి.

ఆదివారం కాలనీ కమిటీ ఫకీర్ మహమ్మద్‌ను పిలిచింది. అధ్యక్షుడు హరికృష్ణ రిటైరైన లెక్చరర్. కుర్చీ వేయించాడు, మంచినీళ్లు తెప్పించాడు. కిషన్ రావు కూడా వచ్చి కూర్చున్నాడు గాని ఫోనులోంచి తల ఎత్తలేదు.

"మా మనసుల ఏం లేదు పకీరన్నా. రేపు నీకే తక్లీఫ్ అయితది," అన్నాడు హరికృష్ణ. "బోనాలుంటయ్, వినాయకుని డీజే ఉంటది. మీ బిడ్డకు అసలే బాగలేదాయె."

"పోయినేడు మీ వినాయకున్ని చెరువు కాడికి తీస్కపోయింది నా ట్రాలీనే సార్. డీజే బాక్సులు గూడ అండ్లనే పెట్టిండ్రు."

ఎవరో కిసుక్కున నవ్వి ఆపుకున్నారు. హరికృష్ణ నవ్వలేదు.

"అది కిరాయి ముచ్చట. ఇది కాపురం ముచ్చట."

మర్నాడు దుకాణంలో కిషన్ రావు బయానా తిరిగి ఇచ్చేశాడు. కమిటీవాళ్లు నల్లా నీళ్లు బంద్ పెడతామంటున్నారని, తాను అమ్ముకుని పోతాడు గాని అందులో బతకాల్సింది పకీరే కదా అని, అంతా అతని మంచికే అన్నట్టు చెప్పాడు. ఆ తర్వాత మరిపెడకు సరుకు లోడ్ చెయ్యమన్నాడు. ఫకీర్ మహమ్మద్ లోడ్ చేశాడు.

ఇంట్లో సబియా హరికృష్ణకు అప్పటికే పేరు పెట్టేసింది. "డీజే సార్‌కు నా చెవుల మీద మస్తు ఫికరున్నది అమ్మా," అంది. సాబిరా నవ్వలేదు. గిన్నెలు మళ్లీ తోముతోంది.

తర్వాత భానుచందర్ అనే బ్రోకర్ను పట్టుకున్నారు. ఫోనులో అతను చూపిస్తానన్న ఇళ్లు, పేరు చెప్పగానే అమ్ముడైపోయేవి. లేదా ఓనర్ ఊళ్లో ఉండేవాడు కాదు. చివరికి అతనే తేల్చి చెప్పాడు, "మీవోళ్లు ఉన్న దిక్కే చూడుండ్రి వదినా. నా టైం, మీ టైం ఎందుకు ఖరాబు?" మీవోళ్లు ఉన్న దిక్కు అంటే, ఇట్లా అన్ని వైపుల నుంచీ తరిమితే వచ్చి చేరినవాళ్ల దిక్కు. అక్కడ మెరక జాగాలు ఎప్పుడో నిండిపోయాయి. వాళ్లకు మిగిలింది నాలా ఒడ్డు.

వరదకు కులం లేదు, మతం లేదు అని ప్రతి వానాకాలం మనవాళ్లు పేపర్లో రాస్తారు. శుద్ధ అబద్ధం. వరద వచ్చేలోపే ఎవరు ఎక్కడుండాలో ఊరు తేల్చి పెడుతుంది.

నాలా ఒడ్డున చూసిన ఇంటికి కొత్త సున్నం వేసి ఉంది. పక్కింటి యాకమ్మ జిన్నింగు మిల్లు కూలి. సాబిరా చెంబుతో నీళ్లు పోసి చూస్తుంటే తన గోడ దగ్గరికి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. రొమ్ముల మట్టాన ఒక మట్టి చార ఉంది. "నీళ్లు పోసి సూసుడెందుకు బిడ్డా? గిదో, గింత వస్తది," అంది.

ఆ రాత్రి సాబిరా మొగుణ్ని అడిగింది, "చూసి చూసి పిల్లను మల్ల గవే నీళ్లల్ల పెడ్తమా?" అతను ఎర్ర గుర్తు పెట్టిన గోడ వైపు చూపించాడు. అంతే.

కొన్నారు. ఈసారి సాబిరా పరమాన్నం పంచలేదు. యాకమ్మే ఒక గిన్నెలో తొక్కు పచ్చడి పంపింది. వంటగది గట్టు కంటే ముందు మేడ మీదికి వెడల్పాటి మెట్లు కట్టించారు. పైన సబియాకు రేకుల గది వేయాలనుకున్నారు గాని చెలక సొమ్ము మెట్లతోనే సరి. గుట్ట కాలనీ నుంచి రాజేశ్వరి మాత్రం ఫోను చేసింది. ఇంటి సంగతి వేరు, జాకెట్లు సాబిరాయే కుట్టాలంది. సాబిరా వద్దనలేదు. మెట్లు కట్టిన మేస్త్రీకి ఇంకా ఇవ్వాల్సింది ఉంది.

వానాకాలం వెళ్లిపోయిందనుకున్నాక, దసరా దాటాక తుఫాను వచ్చింది. ములుగు వైపు లోడు తీసుకుపోయిన ఫకీర్ మహమ్మద్ రోడ్డు తెగి అక్కడే ఆగిపోయాడు. మధ్యాహ్నానికి నాలా పొర్లింది. సాబిరా, యాకమ్మ కలిసి సబియాను దుప్పట్లో వేసి చెరో కొసా పట్టుకుని పైకి మోశారు. రెండుసార్లు జారారు. పైన టార్పాలిన్ కింద కూర్చోబెట్టాక సాబిరా మళ్లీ దిగి, కుట్టాల్సిన గుడ్డల సంచి తెచ్చి కూతురి ఒళ్లో పెట్టింది. కుర్చీ కోసం రెండోసారి దిగబోతే యాకమ్మ కొంగు పట్టుకుని ఆపింది. అప్పటికే కింద తలుపు తేలుతోంది.

ఫోను మోగింది. ఫకీర్ మహమ్మద్ కాదు, రాజేశ్వరి.

"సాబిరా, మీ దిక్కు నీళ్లొచ్చినయని టీవీల చూపిస్తాండ్రు. మా పట్టు ముక్కలు జర పైలం. ఆదివారం పెళ్లున్నది."

"పైలమే అక్కా. మా బిడ్డ ఒళ్లెనే ఉన్నయి."

రాజేశ్వరి అమ్మయ్య అని పెట్టేసింది. సబియా వణుకుతూ సంచిని గట్టిగా పట్టుకుంది. యాకమ్మ అంచున వంగి, ఇంకెన్ని మెట్లు కనిపిస్తున్నాయో చూసి చెబుతోంది.