ఓనరమ్మ నాన్న ఎక్కిన ఓడ

మా ఓనరమ్మ పోయిందని పోయిన మంగళవారం ఆమె మేనకోడలు ఫోన్ చేసి చెప్పింది. ఇప్పుడు నేనుంటున్న కనాటా అనే ఊళ్లో ఆఫీసు పార్కింగ్‌లో కారు ఆపుకుని వెక్కివెక్కి ఏడ్చాను. చుట్టరికమేమీ లేదు. చదువుకున్న రెండేళ్లూ ఆమె ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకున్నాను, అంతే. అయినా ఆమంటే నాకు ప్రాణం.

నేను వచ్చిన ఏడాది విమానాల నిండా మాబోటి స్టూడెంట్లే. దిగింది కెనడా తూర్పు కొసన కేప్ బ్రెటన్ దీవిలోని సిడ్నీలో. ఖమ్మంలో మావాళ్లు ఆస్ట్రేలియా అనుకుని కంగారూలతో జాగ్రత్త అన్నారు. ఓనరమ్మకి అప్పటికే ఎనభై దాటాయి. నేను ఆంటీ అని పిలిస్తే వయసు తగ్గిపోయినట్టు మురిసిపోయేది. మహా చాదస్తం మనిషి. బూట్లకి మంచు దులపకపోతే గుమ్మంలోంచే వెనక్కి పంపేది. నా ఆవకాయని మాత్రం టోస్టు మీద రాసుకుని, ముక్కు తుడుచుకుంటూ, నాకు మిగల్చకుండా తినేసేది. చలికి భయపడకు, తడిసిన సాక్సుకి భయపడు అనేది. ఇప్పటికీ నా బ్యాగులో ఒక జత అదనంగా ఉంటుంది.

వంటింటి అరలో యూనిఫాంలో ఉన్న వాళ్ల నాన్న ఫోటో ఉండేది. ఆయన న్యూఫౌండ్‌లాండ్ వెళ్లే ప్యాసింజర్ ఫెర్రీలో స్టీవార్డ్‌గా పనిచేసేవారట. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సబ్‌మెరైన్ ఆ ఓడని ముంచేసింది. ఆడవాళ్లు, చంటిపిల్లలు, సిబ్బంది, ఎంతోమంది పోయారు. ఓనరమ్మకి అప్పుడు నాలుగేళ్లు. నాన్న శవం దొరకలేదు. ఏటా అక్టోబర్‌లో ఓడ మునిగిన రోజున ఆయనకిష్టమైన కిస్‌మిస్ బ్రెడ్ చేసేది.

నా రెండో అక్టోబర్‌లో నా తెలివంతా చూపించాను. ఆమె చర్చికి వెళ్లొచ్చేలోపు షాపులో కొన్న చామంతుల కుండీ మొత్తం కోసి, సూదీదారంతో దండ గుచ్చి ఫోటోకి వేశాను. బొట్టు పెట్టి అగరొత్తి కూడా వెలిగించాను. మెచ్చుకుంటుందని కాచుకుని నిలబడ్డాను. ఏమిటిదని అడిగింది. చనిపోయినవాళ్ల ఫోటోకి మేమిలా దండ వేస్తామని గొప్పగా చెప్పాను.

ఓనరమ్మ కుర్చీలో కూలబడింది.

"నాన్న చనిపోయాడని ఈ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అనలేదు. అమ్మ అననివ్వలేదు."

శవాన్ని కళ్లతో చూడలేదు కాబట్టి ఆయన ఎప్పటికైనా వస్తాడనే ఆ తల్లి చివరిదాకా నమ్మిందట. చర్చిలో ప్రార్థన పెట్టించనివ్వలేదు. ఆయన కోటు బీరువాలోంచి తీయనివ్వలేదు. ఆమె పోయాక ఆ ఎదురుచూపు కూతురి నెత్తిన పడింది. కూతురేమో జన్మలో ఓడ ఎక్కలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. దండ తీసేయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

దండ వేశాక మీరేం చేస్తారని అడిగింది. నీళ్లు వదులుతామని, అది కొడుకులు చేసే పనని అన్నాను. అనకుండా ఉండాల్సింది.

"ఆయనకి నేనొక్కదాన్నే," అంది ఓనరమ్మ.

వారం తిరక్కుండా ఇద్దరం ఆయన వెళ్లిన దారిలోనే వెళ్లే పగటి ఫెర్రీ ఎక్కాం. భయంతో నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్లు దిగాయి. ఒడ్డు కనబడకుండా పోయాక డెక్ మీదికి తీసుకెళ్లమంది. గ్లాసుతో నీళ్లు పట్టుకెళ్లాను గానీ, పద్ధతి నాకూ సరిగ్గా తెలియదు. ఆమె అరచేతిలో పోసి బొటనవేలి పక్కనుంచి వదిలించాను. గాలికి సగం మా మీదే పడ్డాయి. మంత్రాలు రాక నేను నసుగుతుంటే, ఆమే రెయిలింగ్ మీదికి వంగి మామూలుగా కబురు చెప్పినట్టు చెప్పింది.

"నాన్నా, అమ్మ పోయింది. ఇంటికి రావాలని ఇంక కంగారుపడకు. నేను బాగానే ఉన్నాను."

తర్వాత చెయ్యెత్తి ఊపింది. బస్సెక్కిన మనిషిని సాగనంపుతున్నట్టు, చలికి వేళ్లు ఎర్రబడినా దించకుండా, వెనక్కి పోతున్న ఆ నీళ్లకేసి ఊపుతూనే ఉంది.