మామ వరండాలో ఒక నియమం

మొన్న ఆదివారం మా మనవరాలు మధ్యాహ్నం భోజనానికి వచ్చి, అన్నం కలుపుకుంటూనే నన్నొక మాట అడిగింది. అది హిందూపురంలోనే వకీలు. ఒక ఆడపిల్లను చెరిచాడన్న కేసులో ముద్దాయి తరఫున వకాల్తా పుచ్చుకోమని అడుగుతున్నారట, తోటి వకీళ్లేమో ఎవరూ పుచ్చుకోకూడదని ఫోన్లలో సందేశాలు పంపుకుంటున్నారట, ఏం చెయ్యమంటావు తాతా అంది. ఎనభై దాటినవాణ్ని ఏమడిగినా మొదట వెనక్కి పోయి, అక్కడ కాసేపు తిరిగి, ఆ తర్వాత గానీ ముందుకు రాను. నా ఈడువాళ్లకు ఈ జబ్బు గురించి కొత్తగా చెప్పనక్కరలేదు.

నేను లా చదువు ముగించుకొచ్చి మా మేనమామ దగ్గర జూనియర్‌గా చేరింది అరవయ్యో దశకం మొదట్లో. ఇల్లు హిందూపురంలో, కేసులు చాలావరకు పెనుకొండ కోర్టులో. పొద్దున్నే బొగ్గు రైలెక్కి, తెల్లచొక్కా మీద మసి పడకుండా చూసుకుంటూ, కొండ నీడ ఇంకా ఊరి మీద ఉండగానే పెనుకొండలో దిగేవాళ్లం. ఆ రోజుల్లో అక్కడి పెద్ద వకీళ్లు హత్య కేసు వస్తే మీసం దువ్వుకొని తీసుకునేవాళ్లు గానీ, ఆడమనిషి మీద అఘాయిత్యం కేసంటే మాత్రం పరువు గుర్తొచ్చి, పార్టీని మెల్లగా మా మామ వైపు తోసేవాళ్లు. మామ కాదనేవాడు కాదు. ముద్దాయి పక్కన ఎవరో ఒకరు నిలబడకపోతే దాన్ని కోర్టు అనరు, పంచాయితీ కట్ట అంటారు అనేవాడు. అత్తకు మాత్రం ఇది బొత్తిగా గిట్టేది కాదు. అట్లాంటి పార్టీ వచ్చిన రోజు కాఫీ వంటింటి గడప దాటేది కాదు.

అయితే మామకు ఒక నియమం ఉండేది. కేసు పుచ్చుకునే ముందు ముద్దాయి ఇంటి ఆడవాళ్లను, తల్లినో పెళ్లాన్నో, వరండాలో చాప మీద కూర్చోబెట్టి, అవతలి ఆడమనిషి ఏమని చెప్పిందో మొదటినుంచి చివరిదాకా వినిపించాలి. పనికిరాదనిపించిన మాటయినా వదలకూడదు. కోర్టులో నలుగురి మధ్య మొదటిసారి వినడం కంటే ఇక్కడ వినడం మేలని ఆయన ఉద్దేశం. ఇక రెండోది, ఆ ఆడమనిషి నడత గురించి బోనులో ఒక్క ప్రశ్నా వెయ్యడు. ఈ రెండో మాటకే సగం పార్టీలు లేచిపోయేవి. నేను చేరాక ఆ వినిపించే పని నా మీద పడింది. పెళ్లికాని కుర్రాణ్ని, తల్లి వయసు ఆడవాళ్ల ముందు ఆ మాటలు పలకాలంటే ప్రాణం చచ్చేది.

అట్లా ఒకసారి ధర్మవరం నుంచి ఒక తల్లీ కొడుకూ వచ్చారు. కొడుకు ఒక షావుకారి ఇంట్లో పట్టుచీరల మగ్గం నేసేవాడు, జామీను మీద బయట ఉన్నాడు. అదే ఇంట్లో పట్టుదారం కండెలు చుట్టే అమ్మాయి, దీపాలు పెట్టే వేళ తాను ఒంటరిగా ఉన్నప్పుడు అతను మగ్గాల గదిలోకి వచ్చి తలుపు వేసి చెరిచాడని చెప్పింది. తల్లి భర్త పోయిన మనిషి, కొడుకు తప్ప దిక్కులేదు. ఆ వేళకు వాడు ఇంట్లో అన్నం తింటున్నాడని ఆమె సాక్ష్యం చెబితే కేసు నిలవదు. చెబుతానని రైలు దిగినప్పటినుంచీ అంటూనే ఉంది.

నేను తల వంచుకొని వినిపించడం మొదలుపెట్టాను. అతను లోపలికి రాగానే అలవాటుగా మగ్గానికి మొక్కాడని, ముందు ఎడమచేత్తో తాకి, నాలుక కరుచుకొని, మళ్లీ కుడిచేత్తో తాకి కళ్లకద్దుకున్నాడని, పనిమీద వచ్చాడనుకొని తాను లేవలేదని ఆ అమ్మాయి చెప్పింది. కేసుకు అక్కరలేని ముక్క అనుకుంటూనే, నియమం కాబట్టి అదీ చెప్పాను.

ఆ తల్లి చెయ్యెత్తి నన్ను ఆపింది. "ఏ చేత్తో మొక్కినాడని చెప్పింది నాయనా? ఇంగొగసారి చెప్పు."

మళ్లీ చెప్పాను. ఆమె చాప అంచు గట్టిగా పట్టుకుంది. కొడుకు ఆమె వైపు చూడలేదు, ఆమే కొడుకు వైపు చూడలేదు. చివరికి మామతో అంది. "వానిది ఎడమచేతి వాటమప్పా. మగ్గాన్ని ఎడమచేత్తో తాకుతాండాడని చిన్నప్పుడు నేనే కొట్టి కొట్టి మాన్పిస్తి. ఆ పొద్దు వాడు ఇంటికి ఎప్పుడొచ్చినాడో నాకు తెలీదు. నా కొడుకు అట్లాంటోడు కాదని చెప్తానంటి. ఇప్పుడు చెప్పలేను. అట్లని వాన్ని ఇడిసిపెట్టబాకప్పా. నేను నిలబడలేని తావున నువ్వన్నా నిలబడు."

ఆ రోజు అత్త కాఫీ తెచ్చి ఆమెకిచ్చింది.

మామ మాట తప్పలేదు. ఆమెను బోనెక్కించలేదు, అబద్ధపు సాక్షిని వెతకలేదు. చీకటి గురించి, ఫిర్యాదు ఆలస్యం గురించి అడగవలసినవన్నీ ఆ అమ్మాయిని మర్యాదగా అడిగాడు, ఆమె తడబడకుండా చెప్పింది. శిక్ష పడింది. పోలీసులు తీసుకుపోబోతుంటే ఆ అబ్బాయి, ఏమనుకున్నాడో, బోను కమ్మీకి మొక్కాడు. ముందు ఎడమచేత్తో, ఆపైన చప్పున కుడిచేత్తో. తల్లి గుమ్మం దగ్గర నిలబడి చూసింది. మామ కాగితాలు సర్దుకుంటూ తల ఎత్తలేదు. నాకు మాత్రం ఆమెను చూసి ఏడుపొచ్చింది. వకీలుకు ఏడుపేమిటని పెనుకొండ వకీళ్లు చాన్నాళ్లు ఆటపట్టించారు.

ఇదంతా విని మనవరాలు చెయ్యి కడుక్కొచ్చింది. వకాల్తా పుచ్చుకో, కానీ ముందు ఆ ముద్దాయి తల్లిని పిలిపించు అన్నాను. ఇప్పుడు కాగితాలన్నీ ఫోన్లోనే వస్తాయి తాతా, పార్టీ మొహం కూడా కోర్టులోనే చూస్తాం, తల్లుల్ని ఎవరు పిలిపిస్తారు అని నవ్వింది. నిజమే. మామ వరండాకు అద్దాలు బిగించి ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. కేసులు తగ్గలేదు, వకీళ్లూ పెరిగారు. బిడ్డ చేసిన పని చెవులారా వినడానికి ఒక తల్లిని కూర్చోబెట్టే చాప మాత్రం ఈ ఊళ్లో ఎక్కడా కనబడదు.