కంబళ్ల కింద కాళ్లు

నాకు ఎవరి మీదా ఒక పట్టాన నమ్మకం కుదరదు. పాలు పోయించుకునేటప్పుడు వేలు ముంచి చూస్తాను. బజారులో పప్పు కొంటే పైది వద్దని అడుగు నుంచి తీయమంటాను. పోలీస్ యాక్షన్ ఇంకా రాకముందే మా నాన్న నన్ను ఇంటి పోలీసు అని ఏడిపించేవాడు. అలాంటి నేను మా నాయనమ్మను వేరేవాళ్ల చేతుల్లో పెట్టాల్సి వచ్చింది.

నాన్నకు కాజీపేట రైల్వేలో ఉద్యోగం. నేను చిలకలగూడలో మిషన్ బడిలో పంతులమ్మను, బడి హాస్టల్లోనే నా మకాం. నాయనమ్మ బన్సీలాల్‌పేటలో ఒక్కతే ఉండేది. ఆ ఎండాకాలం వాకిట్లో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక కూడా చేతికర్ర లేకుండా నాలుగడుగులు వేయలేకపోయింది. బయట చూస్తే రజాకార్ల భయం, సగం వీధి తాళాలు వేసుకుని వెళ్లిపోయింది. బోయిగూడలో మా సంఘం వాళ్లు నడిపే ముసలివాళ్ల ఆశ్రమం ఉంది, ఎత్తైన ప్రహరీ, ఇనుప గేటు, అక్కడైతే భద్రం అన్నారు పెద్దలు. సరేనన్నాం.

సైన్యం వచ్చింది, గొడవ సద్దుమణిగింది, నాలుగు దారులూ తెరుచుకున్నాయి. ఆదివారం ఆరాధన అయ్యాక ఆశ్రమానికి వెళ్లడం మళ్లీ మొదలుపెట్టాను. వెళ్లిన మొదటిరోజే నాకు అనుమానం పట్టుకుంది. మంచాల మీద తెల్లటి దుప్పట్లు, ఫినాయిలు వాసన, అవ్వలందరికీ నూనె రాసి దువ్విన తలలు. అంతా బాగుంది. బాగుండటమే నాకు నచ్చలేదు. దుప్పట్ల మీద పెట్టెలో మడతలు అలాగే నిలబడి ఉన్నాయి. వాటి మీద మనిషి పడుకున్న జాడే లేదు.

"ఎట్లున్నవ్ నాయనమ్మా?" అన్నాను.

"మంచిగున్న బిడ్డా," అంది. అంటున్నది నాతో, చూస్తున్నది నా వెనక నిలబడ్డ మేట్రనమ్మ వైపు.

మేట్రనమ్మ కోస్తా నుంచి వచ్చిన మనిషి, ఇస్త్రీ చీర, తేనె లాంటి మాట. నేను ఉన్నంతసేపూ ఆ మంచం దగ్గర నుంచి కదల్లేదు. నీళ్లు తెమ్మంటే ఆయాను కేకేసింది గానీ తను వెళ్లలేదు. ఉక్కపోతకు నాకు జాకెట్టు వీపుకు అంటుకుపోతుంటే అవ్వలందరి కాళ్ల మీదా కంబళ్లు! నాయనమ్మ పాదాలు ఒత్తుదామని చేయి చాపాను.

"వద్దులెండి టీచరమ్మా, చలిగా ఉందంటున్నారు. కప్పి ఉంచితేనే మంచిది," అంది మేట్రనమ్మ నవ్వుతూ. నాకు ఒళ్లు మండింది. కానీ చేతిలో రుజువేం లేదు, ఏమని దెబ్బలాడను?

మావాళ్లలో చూడవచ్చినవాళ్లు లేచేముందు ఎవరో ఒకరు ప్రార్థన చేయాలి. అక్కడ ఎప్పుడూ మేట్రనమ్మే చేసేది. ఆ తర్వాతి ఆదివారం ఆమె చేతులు జోడించబోతుంటే నాయనమ్మ, "ఇయ్యాల నేను చేస్త," అంది. మేట్రనమ్మ మురిసిపోయి కళ్లు మూసుకుంది. అందరం మూసుకున్నాం.

"పరలోకపు తండ్రీ, నీకు స్తోత్రం. ఊర్ల లొల్లి తగ్గించినవు, స్తోత్రం. మా మేట్రనమ్మను క్షమించు తండ్రీ. పొద్దు గుంకంగనే నవారుతోని మా కాళ్లు మంచానికి కడుతున్నది. మేము లేచి పడుతమని ఆమె భయం, ఆమె తప్పు లేదు. ఆయా చీకటి పడకముందే ఇంటికి పోతది. మంచాల నడుమ కందిలి ఎలుగుతుంటది. అది దొర్లి పడితే మేమెట్ల లేస్తం తండ్రీ? నువ్వే జెర చూడు."

"ఆమేన్!" అంది మేట్రనమ్మ గట్టిగా.

"ఇంక కాలె తండ్రీ," అంది నాయనమ్మ. "మూలకున్న అవ్వ రాత్రంత నీళ్లకు దూప దూప అని ఒర్లింది, ఎవ్వలు రాలె. ఈ తెల్ల దుప్పట్లు సుత మావి కావు, ఐతారం పొద్దుగాల పరుస్తరు, మాపటికి తీస్తరు. అబద్ధమాడితే నన్ను శిక్షించు. ఏసు నామమున అడుగుచున్నాము తండ్రీ."

ప్రార్థన మధ్యలో అడ్డం వెళ్లడం మా సంఘంలో పుట్టి బుద్ధెరిగి ఎవరూ చేయని పని. మేట్రనమ్మ పెదవులు కొరుక్కుంటూ నిలబడింది. నేను కళ్లు తెరిచి కంబళి తీశాను. నాయనమ్మ మడమల పైన నల్లగా కమిలి ఉంది, ఒకచోట తోలు లేచిపోయింది.

"ఇంతమందికి ఒక్క ఆయా. పడి చచ్చిపోతే సమాధానం ఎవరు చెప్పాలి, మీరా?" అంది మేట్రనమ్మ. ఆమె గొంతులో తేనె లేదు. ఆ ఒక్కమాట మాత్రం నిజమే చెప్పిందనిపించింది. ఆ సాయంత్రమే జట్కా కట్టించి నాయనమ్మను కాజీపేట బండిలో తీసుకెళ్లి నాన్న దగ్గర దింపి వచ్చాను.

మిగిలినవాళ్ల సంగతి? సంఘపెద్దల దగ్గరికి వెళ్లి అంతా చెప్పాను. వాళ్లు వెళ్లి అడిగారట. అవ్వలందరూ మంచిగున్నం అన్నారట, పక్కన మేట్రనమ్మ ఉండగానే! "ప్రార్థనలో అన్నమాట సాక్ష్యం ఎలా అవుతుందమ్మా?" అన్నారు నన్ను. దేవుడికి చెప్పింది చెల్లదట, మేట్రనుకు చెప్పింది చెల్లుతుందట. ఆ పెద్దరికానికి దండం పెట్టి వచ్చేశాను.

మరుసటి ఆదివారం నాయనమ్మ పెట్టె తెచ్చుకునే వంకతో మళ్లీ వెళ్లాను. తెల్ల దుప్పట్లు, ఫినాయిలు, కంబళ్లు, అన్నీ యథాప్రకారం. లేవబోతుంటే మేట్రనమ్మ అంది, "ఇకమీదట ఇక్కడ మౌన ప్రార్థనేనండి. పెద్దలు నిర్ణయించారు. ఎవరి మనసులో వాళ్లు చేసుకోవాలి."

ఆమె కళ్లు మూసుకుంది. నేను మూసుకోలేదు. చూద్దును కదా, ఒక్క అవ్వా మూసుకోలేదు. ఎవరి మనసులో ఏముందో నాకు తెలుస్తూనే ఉంది, అయినా ఏం చేయాలో తోచక దుఃఖం ముంచుకొచ్చింది. అంతలో నాయనమ్మ పక్క మంచం మీదావిడ, ఎన్నడూ నోరు విప్పని మనిషి, పైకి చూస్తూ అంది.

"తండ్రీ, ఇయ్యాల పొద్దటి సంది విప్పనే లేదు."

"మౌనం అవ్వా, మౌనం," అంది మేట్రనమ్మ కంగారుగా.

"నీతోని మాట్లాడుతలేను," అంది అవ్వ.

నేను వంగి ఆమె కాళ్ల మీది కంబళి తీశాను.