గుమస్తా మూతి, నాన్న చెవులు

మిలిటరీలో ఫిరంగులు పేల్చి నాన్న చెవులు పోయాయి, గుండ్లు మోసి వెన్నుపూసలు అరిగాయి. వైకల్య పింఛను కోసం ఇవాళ మూడోసారి అర్జీ పట్టుకుని బరంపురంలో పింఛను ఆఫీసుకి వెళ్లాం. మా ఊరు అంకులి నుంచి ఆటో కుదుపులకే ఆయన నడుం పట్టేసింది.

గుమస్తా అడిగిన నాలుగు ప్రశ్నలకీ నాన్న జవాబు చెప్పారు.

"మీకు బాగానే ఇనబడతంది కదండీ," అన్నాడతను.

"నీ మూతి సూసి సెప్తన్నాను బాబూ. ఓపాలి అటేపు తిరిగి అడుగు."

అతను గోడవైపు తిరిగి ఏదో అడిగాడు. మళ్లీ ఇటు తిరిగి, "ఏటడిగాను?" అన్నాడు.

"అడిగీసావేటి? అలగైతే అదే రాయి."

వినబడదని రాసేదాకా నాన్న నడుం పట్టుకుని అక్కడే నిలబడ్డారు.

ఇన్నేళ్లుగా అమ్మ ఆయన్ని పొయ్యివైపు తిరిగే ఎందుకు తిడుతోందో కూడా ఇవాళే అర్థమైంది. మీ ఇళ్లల్లోనూ ఇంతేనా?