లలిత పెన్‌డ్రైవ్, మా ఇంటి వైరస్

మా చిన్నప్పుడు... పత్తి ఏరే రోజుల్లో మా ఇంట్లో కాలు పెట్టడానికి జాగా ఉండేది కాదు. నెల్లికుదురు దగ్గర మా ఊళ్లో అందరి ఇళ్లూ అంతే. రేటు పెరిగేదాకా అమ్మేది లేదని బాపు ముందరి గది నిండా పత్తి కుప్ప పోయించేవాడు. ఆ కుప్ప మీదే మా చదువులు, మా కొట్లాటలు, మా నిద్రలు...

ఆ ఏడు అదే గదిలో కిటికీ పక్కన ఒక సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్ వచ్చి కూర్చుంది. పాలిటెక్నిక్ చదివే మా అన్న కోసం కొన్నది. మా వాడకట్టులో అదొక్కటే. చెప్పులు విడిస్తేనే అన్న గదిలోకి రానిచ్చేవాడు... లేకుంటే వైరస్ వస్తుందట. వైరస్ అంటే ఏమిటో అన్నకూ సరిగ్గా తెలియదని నాకిప్పుడు అనుమానం. అప్పుడు మాత్రం ఆ మాటకు తిరుగు లేదు.

నేను ఎనిమిదో తరగతి. నా జోడీ లలిత, మా ఊరికి ఆనుకొని ఉన్న తండా పిల్ల. నాకేమో కూర్చున్నచోట కుదురుండదు. లలిత కూర్చుంటే కదలదు. మా ఇద్దరికీ ఎలా కుదిరిందో మరి...

లలిత వాళ్ల దాది, అంటే నాయనమ్మ, ఆ వానాకాలంలోనే చనిపోయింది. తీజ్ పండుగకు తండాలో పాట ఎత్తుకునేది ఆమే. అంతకుముందు ఏడు ఎవరో ఆ పాటలు సెల్లులో రికార్డు చేశారు. సెల్లు పాడైపోయేలోపు మానుకోటలో ఒక షాపుకు పోయి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నారు. ఇక దాది గొంతు మిగిలింది ఆ ఒక్కదాంట్లోనే. వాళ్లింట్లో దాన్ని పెట్టి వినడానికి ఏమీ లేదు. అందుకే లలిత దాన్ని జడ రిబ్బన్‌లో చుట్టుకొని మా ఇంటికి తెచ్చేది.

మొదటి రోజు పాటలన్నీ బాగానే వచ్చాయి. రెండో రోజు పాట మధ్యలో కంప్యూటర్ ఠక్కున ఆగిపోయింది. మళ్లీ వేస్తే పది నిమిషాలు, మళ్లీ నల్ల తెర. మూడో రోజూ అదే తంతు. నేను కాలుగాలిన పిల్లిలా గది చుట్టూ తిరిగాను. స్విచ్ తీయడం, వేయడం, డబ్బా మీద చరచడం... అన్న వచ్చి చూసి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"గా పిల్ల పెన్‌డ్రైవ్‌లకెల్లే వచ్చింది వైరస్" అని తేల్చేశాడు.

అమ్మ ఆ మాట పట్టుకుంది. బయటి గాలి సోకకుంటే వైరస్ రాదనుకొని, పాత చీర తెచ్చి డబ్బాను పసిపిల్లకు చుట్టినట్టు గట్టిగా చుట్టింది. అప్పటినుంచి ఐదు నిమిషాలకే ఆగిపోవడం మొదలైంది... వైరస్ ముదిరిందన్నాడు అన్న. దోస్తు దగ్గర యాంటీవైరస్ సీడీ తెచ్చి ఎక్కించబోతే, అది సగం ఎక్కేలోపే మళ్లీ బంద్.

లలితను కొన్నాళ్లు మా ఇంటికి రావద్దని చెప్పమన్నాడు బాపు. నేను వెళ్లి చెప్పేశాను. అంత తేలిగ్గా ఎలా చెప్పానో ఇప్పటికీ నాకు అర్థం కాదు. లలిత, మీ అన్నతో వైరస్ తీయించి ఇవ్వమని పెన్‌డ్రైవ్ నా చేతిలో పెట్టింది.

దోస్తు కంప్యూటర్‌లో శుభ్రం చేయిస్తానన్నాడు అన్న. శుభ్రం అంటే ఫార్మాట్... ఉన్నదంతా తుడిచేయడం. లోపల కావాల్సినవి ఏమైనా ఉన్నాయా అని నన్ను అడిగాడు కూడా. నాకేమో కంప్యూటర్ ఎప్పుడు బాగవుతుందా, ఎప్పుడు గేమ్ ఆడతానా అని తొందర. పాటలే ఉన్నాయన్నాను. పాటలే కదా, తీసేయనా అన్నాడు.

సరే అన్నాను.

వచ్చేటప్పుడు ఆ ఖాళీ పెన్‌డ్రైవ్ నిండా సినిమాలు ఎక్కించుకొని వచ్చాడు. కంప్యూటర్ ఆగిపోయినప్పుడల్లా మళ్లీ వేసుకుంటూ, మన సొమ్మే అన్నట్టు వారం రోజులు వాడుకున్నాం. ఆ తర్వాత వట్టిది తీసుకెళ్లి లలితకిచ్చాను. పాటలేవని అడిగితే, వైరస్ తినేసిందని చెప్పాను.

లలిత చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"పాటలైతే నాకొస్తయి... మా దాది గొంతు యాడికెల్లి తేవాలె?"

ఇంకో వారానికి బాపు మానుకోట నుంచి మెకానిక్‌ను పిలిపించాడు. ఆయన చీర విప్పి, డబ్బా మూత తీసి, ఒక్క నిమిషం మా అందరి ముఖాలూ చూశాడు. వేళ్లతో లోపలి నుంచి గుప్పెడు పత్తి నూగు లాగాడు.

"వైరస్ లేదు, ఏం లేదు. ఫ్యాన్ నిండ పత్తే ఉంది. గిట్లుంటే గాలెట్ల ఆడుతది? ఏడెక్కి బందయితున్నది."

ఇల్లంతా ఒకటే నవ్వు. ఇప్పటికీ చుట్టాలు కలిస్తే ఈ ముచ్చట చెప్పుకొని నవ్వుతారు. ఆ రోజు నేనూ నవ్వాను... మధ్యలో లలిత పెన్‌డ్రైవ్ గుర్తొచ్చి ఆగిపోయాను. లలిత మాట ఒక్కరూ ఎత్తలేదు. నిజం చెప్పాలని రెండుసార్లు తండా దాకా వెళ్లాను. రెండుసార్లూ వెనక్కి తిరిగి వచ్చాను. పరీక్షలు కాగానే వాళ్లింటివాళ్లంతా పనికోసం పట్నం వెళ్లిపోయారు.

ఇప్పుడు జనగామలో నా ఉద్యోగమే కంప్యూటర్ ముందు. ఫోన్ పోయినా ఫొటోలు పోవు. చెరిపేసినవి కూడా తిరిగి తెచ్చుకునే దారులున్నాయి. ఇప్పటి పిల్లలు ఒక గొంతు అంత తేలిగ్గా పోతుందంటే నమ్మరేమో...

మొన్న లలిత నన్ను నేను రాసే ఈ పేజీలోనే వెతికి పట్టుకుంది. ఆమె పంపిన మొదటి మెసేజ్ ఇది. "నా పెన్‌డ్రైవ్ తోని మీ కంప్యూటర్ ఖరాబైందని ఇన్నేండ్లు మనసుల పెట్టుకున్ననే. గప్పుడు బాగయిందా మరి?"

రెండు రోజులుగా జవాబు రాస్తున్నాను, చెరిపేస్తున్నాను. ఇంట్లో ఏ పని మీదా మనసు నిలవడం లేదు.

చిన్నప్పుడు దాచిన అబద్ధం మీలో ఎవరి దగ్గరైనా ఉంటే కింద రాయండి, నాకు కాస్త తోడుంటుంది. ముందు నాది నేను చెప్పేస్తాను...

లలితా, నీ పెన్‌డ్రైవ్‌లో ఏ వైరసూ లేదు. మీ దాది గొంతును ఏదీ తినలేదు. అన్న తీసేయనా అని అడిగితే, సరే అన్నది నేను.