ఫ్యూజు లేని బ్రేకు

దయ్యాలను నమ్మే మనిషిని కాను నేను. ఖమ్మంలో ఆటోమొబైల్ పాఠాలు చెబుతాను. కారణం దొరకలేదంటే ఇంకా సరిగా వెతకలేదని అర్థం అనుకునేవాణ్ణి.

ఆ రోజు జూలూరుపాడులో, చెల్లెలు సరళ ఇంట్లో ఉన్నాను. కారులో, బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ హెచ్చరిక దీపం వెలుగుతూ ఉంది. చూస్తే, చక్రం దగ్గరి సెన్సార్ తీగను ఎలుక కొరికింది. తప్పుడు సంకేతాలు వెళ్లకూడదని ఏబీఎస్ ఫ్యూజులు రెండూ తీసి డాష్‌బోర్డు అరలో వేశాను. ఏబీఎస్‌కు కరెంటు అందకపోయినా మామూలు బ్రేకు ఎలాగూ పనిచేస్తుంది.

మధ్యాహ్నం సరళకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డంగా ఉందని, ఆలస్యమైతే ఇద్దరికీ ప్రమాదమని డాక్టరు ముందే చెప్పింది. వెంటనే ఖమ్మం బయలుదేరాం.

"అన్నా, జర జల్దీ పోనీ. నీ పాఠం లెక్క సాగదీయకు," అన్నది వెనక సీటులోంచి.

ఏన్కూరు వైపు అడవిలో మలుపు తిరగగానే, మా వైపు సగం రోడ్డు మీద మొక్కజొన్న ఆరబోసి ఉంది. మధ్యలో ఒక ముసలమ్మ కాలితో గింజలు తిరగేస్తోంది. ఎదురుగా లారీ.

బ్రేకును పూర్తి బలంతో తొక్కాను. ఏబీఎస్ లేదు కనుక చక్రాలు బిగుసుకుపోవాలి. బిగుసుకున్న చక్రం స్టీరింగుకు లొంగదు, కారు గింజల మీద నేరుగా ఆమె మీదికే జారాలి. ఏబీఎస్ ఉంటే బ్రేకును వేగంగా వదులుతూ, మళ్లీ పట్టిస్తూ చక్రాన్ని తిరగనిస్తుంది. అప్పుడు పెడల్ కొట్టుకోవడం పాదానికి తెలుస్తుంది.

నా పాదం కింద పెడల్ కొట్టుకుంది. స్టీరింగ్ తిప్పితే కారు తిరిగింది. ముసలమ్మను ఎడమ పక్కనుంచి దాటి, రోడ్డు దిగి మట్టిలో ఆగింది.

"కండ్లు కనవడ్తలేవా కొడుకా? మక్కలన్నీ తొక్కితివి," అన్నది ఆమె. అంతలో సరళను చూసి, "అయ్యో, నొప్పులా? పో, జల్దీ పో. మక్కలు నేనేరుకుంట."

"కారు గట్ల వణికిందేందన్నా?" అని సరళ అడిగింది.

అర తెరిచాను. ఫ్యూజులు రెండూ అక్కడే ఉన్నాయి.

సమయానికి చేరాం. ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ క్షేమం.

తరువాత ఒక ఖాళీ మైదానంలో మొక్కజొన్న పరిచి, ఫ్యూజులు లేకుండానే అదే బ్రేకు మళ్లీ మళ్లీ వేశాను. ప్రతిసారీ చక్రాలు బిగుసుకున్నాయి, కారు నేరుగా జారింది. ఆ రోజు పాదానికి తెలిసింది గింజల అదురే అనుకుందామంటే, ఇక్కడ పెడల్ ఒక్కసారీ కొట్టుకోలేదు.

తీగ మార్చాను, ఫ్యూజులు పెట్టాను. మేనకోడలు ఇప్పుడు నడుస్తోంది. తరగతిలో 'కరెంటు లేకపోతే పెడల్ కొట్టుకోదు' అని చెప్పాల్సిన చోట మాత్రం ఆగిపోతున్నాను. ఆ మాట తప్పని నా దగ్గర రుజువు లేదు. నిజమని చెప్పడానికి నోరు రావడం లేదు.